పెంచుటయా? చూచుటయా?

పరీక్షాఫలితములు వెలువడిన మరునాడు ఏ కళాశాలకు పోయినను ఒక దృశ్యము కనిపించును. ఉపన్యాసకుల గది తలుపు ప్రక్కన ఒక విద్యార్థి నిలిచియుండును. చేతిలో మార్కుల చీటి నలిగియుండును. లోపలికి అడుగు పెట్టుటకు ధైర్యము చాలదు. వెనుకకు మరలుటకు మనసొప్పదు. ఇంకొక రెండు మార్కులు వచ్చియుండినచో మొదటి తరగతి దక్కియుండెడిది. ఇంటివద్ద తండ్రి ఏమనునో యని ఒక దిగులు. అడిగినచో గురువుగారు ఏమనుకొందురో యని మరియొక దిగులు.

ఈ ప్రసంగము చేయుచున్న నేనును ఒకనాడు ఆ తలుపు ప్రక్కన నిలిచినవాడనే. చరిత్ర బోధించు మా ప్రొఫెసరుగారు ఏదియో పుస్తకము చదువుకొనుచుండిరి. తల యెత్తి చూచి, “ఏమోయ్, అక్కడే నిలబడ్డావేం? లోపలికి రా” అనిరి. నేను తడబడుచు, “మాష్టారూ, నా మార్కుల సంగతి...” అని మాత్రమే అనగలిగితిని. ఆయన కండ్లజోడు తీసి బల్లపై నుంచి, “పెంచమంటావా, చూడమంటావా?” అని అడిగిరి.

నాకు జవాబు తోచలేదు. ఆ రెండును ఒకటియే యని నేను తలచియుంటిని. పెంచుమని అడుగుట దయను కోరుట. చూడుమని అడుగుట న్యాయమును కోరుట. ఈ రెండు మాటల నడుమ గల దూరమును విద్యాలోకము నడచుటకు రెండు వందల ఏండ్లకు పైగా పట్టినది. ఆ నడకను గూర్చియే నేడు శ్రోతలకు విన్నవింపదలచితిని.

మార్కు అనునది లేని కాలము చాల పెద్దది. మన దేశమున గురువు శిష్యుని చదువును ఏండ్ల తరబడి కన్నులార చూచెడివాడు. శిష్యుడు పాఠము ఒప్పగించినప్పుడే వాని లోటుపాట్లు తెలిసిపోయెడివి. పై పాఠమునకు పోవుటయో, పాత పాఠమునే మరల వల్లించుటయో అచ్చటనే తేలిపోయెడిది. చదువు ముగిసిన పండితునకు సంస్థానములలో నవరాత్రి సభలందు పరీక్ష జరిగెడిది. పండితుడు సభలో కూర్చుండి శాస్త్రార్థము చెప్పవలెను. పరీక్షించువారు ప్రశ్నింతురు, ఆక్షేపింతురు. తీర్పు సభాముఖమున వెలువడును. దానికి తగినట్లు సంభావన ముట్టును. తీర్పు నచ్చనివాడు అచ్చటనే వాదమునకు దిగవచ్చును. అయితే సభ ముగిసిన తరువాత మరల చూచుటకు ఏమియు మిగులదు. మాట గాలిలో కలిసిపోవును. ఎవరి సిఫారసు పనిచేసినది, ఎవరి పాండిత్యము నెగ్గినది అని వేరుచేసి చెప్పుటకు ఆధారముండదు.

ఐరోపాలోని ప్రాచీన విశ్వవిద్యాలయములలోను పద్ధతి ఇంచుమించుగ ఇట్టిదే. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో విద్యార్థులు లాటిను భాషలో వాదప్రతివాదములు చేసి పట్టము పొందెడివారు. అచ్చట గణితమున అగ్రశ్రేణిలో నెగ్గినవారిని ‘రాంగ్లరు’లని పిలుచుట ఆ కాలపు జ్ఞాపకమే, ఆ మాటకు వాదించువాడని యర్థము. 1899లో అందు ప్రథమస్థానము నందుకొన్న రఘునాథ పురుషోత్తమ పరాంజపేగారిని మన దేశీయులు జీవితాంతము ‘రాంగ్లర్ పరాంజపే’ యనియే పిలిచిరి.

పదునెనిమిదవ శతాబ్దిలో కేంబ్రిడ్జి వాదసభల ప్రాముఖ్యము క్రమముగా తగ్గి, సెనేటు హౌసు అను భవనమున జరుగు పరీక్షకు విలువ హెచ్చెను. ఆ శతాబ్ది చివరి భాగమున అచ్చట ఒక వింత ఆచారముండెను. తొలుత జరిగిన పరీక్షను బట్టి విద్యార్థులను గుంపులుగా విభజించెడివారు. తనకు దక్కిన గుంపు తన యోగ్యతకు తక్కువయని తలచినవాడు, తనకంటె పైనున్న వానిని పేరు చెప్పి చూపి, వానితో సరిపోల్చి తన్ను మరల పరీక్షింపుడని కోరవచ్చును. మార్కు మార్చుడని నేటి విద్యార్థి చేయు మనవికి ముత్తాత యిదియేయని చెప్పవచ్చును. కాని యొక భేదమును గమనింపుడు. ఆ కోరికలో ప్రాధేయపడుట లేదు. “నన్ను హెచ్చింపుడు” అని గాక, “నన్ను మరల చూడుడు” అనియే విద్యార్థి అడిగెడివాడు. అందులో ప్రమాదమును ఉండెను. పోటీలో ఓడినచో పరువు పోవును.

అయినను పక్షపాతమును గూర్చిన అనుమానము తొలగలేదు. పరీక్షించువారందరు ఏదో యొక కళాశాలకు చెందినవారే. తమ శిష్యులు పైకి రావలెనను కోరిక వారికుండుట సహజము. ఒక విద్యార్థి మొత్తము మీద ఎట్టివాడు అని అభిప్రాయమడిగినప్పుడు ఆ అభిప్రాయములోనికి అభిమానము తెలియకుండనే ప్రవేశించును. దీనికి విరుగుడుగా, ఒక్కొక్క ప్రశ్నకు విడివిడిగా అంకె వేసి, ఆ అంకెలను కూడవలెనను పద్ధతి పుట్టెను. దానిని 1792లో విలియం ఫారిష్ అను కేంబ్రిడ్జి అధ్యాపకుడు ప్రతిపాదించెనని విద్యాచరిత్రకారులు సాధారణముగా చెప్పుదురు. అంతకు ఏడేండ్ల ముందు, 1785లో, అమెరికాలోని యేల్ కళాశాల అధ్యక్షుడు ఎజ్రా స్టైల్సు తాను పరీక్షించిన 58 మంది విద్యార్థులను నాలుగు తరగతులుగా విభజించి తన దినచర్యలో వ్రాసికొనెను. ఉత్తములు 20 మంది. రెండవ శ్రేణి ఉత్తములు 16 మంది. వారికంటె తక్కువవారు 12 మంది. అందరికంటె వెనుకబడినవారు 10 మంది. 1897 నాటికి ఆ దేశముననే మౌంట్ హోల్యోక్ అను స్త్రీల కళాశాలలో నూటికి ఇన్ని మార్కులు వచ్చినచో ‘ఏ’, ఇన్ని వచ్చినచో ‘బి’ అని అక్షరములు నిర్ణయించిరి. 75కు తగ్గినచో తప్పినట్లే.

ఇచ్చట మనము మరువరాని సంగతి యొకటి కలదు. నేడు విద్యార్థుల గుండెలలో గుబులు పుట్టించు ఈ అంకె, పుట్టినప్పుడు విద్యార్థికి రక్షగా పుట్టినది. పెద్దింటి బిడ్డకును పేదింటి బిడ్డకును ఒకే కొలత యుండవలెనను సదుద్దేశముతో పుట్టినది. దయాదాక్షిణ్యముల చోట లెక్కను కూర్చుండబెట్టుటయే దాని పని. అయితే లెక్కకు నోరు లేదు. తన్నెందుకు వేసిరో అది చెప్పజాలదు.

ఈ పద్ధతి మన దేశమునకు 1857లో వచ్చినది. ఆ యేట కలకత్తా, బొంబాయి, మద్రాసులలో స్థాపింపబడిన మూడు విశ్వవిద్యాలయములకును లండను విశ్వవిద్యాలయము మాదిరి. పాఠము చెప్పుట కళాశాలల పని. పరీక్షించి పట్టమిచ్చుట విశ్వవిద్యాలయపు పని. రాజమహేంద్రవరము, మచిలీపట్టణము, విజయనగరము, విశాఖపట్టణములలో చదివిన తెలుగు యువకుల జవాబు పత్రములు మద్రాసు విశ్వవిద్యాలయమునకు చేరెడివి. తెలుగునాట ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో, ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో ఏర్పడువరకు ఇదియే గతి. పాఠము చెప్పినవాడొకడు, పేపరు దిద్దినవాడు మరియొకడు. పత్రము మీద పేరుండదు, నంబరు మాత్రమే యుండును. దీని వలన జమీందారు బిడ్డకును వారాలు చేసికొని చదివిన బిడ్డకును తేడా లేకపోయెను. ఇది గొప్ప లాభము. కాని తలుపు ప్రక్కన నిలిచి అడుగుదమన్నచో ఆ తలుపే లేకపోయెను, ఇది నష్టము. ఒక్క విషయమున తప్పినను పరీక్ష మొత్తము తప్పినట్లే. ఇంగ్లీషున తప్పిన గణితజ్ఞుడు, గణితమున తప్పిన కవి, ఇరువురును ఇంటికి పోవలసినవారే.

ఈ నిబంధన ఎంత దూరము పోగలదో తెలిసికొనుటకు కుంభకోణము పోయి రావలెను. 1904లో శ్రీనివాస రామానుజన్ అను బాలుడు అచ్చటి ప్రభుత్వ కళాశాలలో ఎఫ్.ఏ. తరగతిలో చేరెను. ఉన్నత పాఠశాలలో గణితమున చూపిన ప్రతిభ వలన అతనికి విద్యార్థివేతనము లభించెను. అది లేనిదే చదువు సాగదు. తండ్రి బట్టల దుకాణమున గుమాస్తా. నెలకు సుమారు 20 రూపాయల జీతము. కళాశాల జీతము ఒక టెరముకు 32 రూపాయలు. రామానుజన్ గణితము తప్ప తక్కినవి చదువుట మానెను. ఇంగ్లీషు పరీక్ష తప్పెను. వేతనము పోయెను.

అప్పుడు అతని తల్లి కోమలతమ్మాళ్ కళాశాల ప్రిన్సిపాలు వద్దకు పోయి వాదించెనని అతని జీవితచరిత్ర చెప్పుచున్నది. గణితమున తన కుమారునకు సాటి లేనప్పుడు వేతనమెట్లు తీసివేయుదురని ఆమె ప్రశ్న. ప్రిన్సిపాలు మర్యాద తప్పక వినెను. కాని నిబంధన నిబంధనయేయని తేల్చి చెప్పెను.

ఆ గదిలో న్యాయము ఎవరి పక్షమున నుండెనో యని ఆలోచింపగా మనసు రెండు విధముల పోవును. ఆమె పెంచుమని అడుగలేదు. ఇంగ్లీషు పేపరు తప్పుగా దిద్దిరనియు అనలేదు. పత్రమును గాదు, పిల్లవానిని చూడుడని యడిగినది. ఆ కాలపు నిబంధనలలో అట్టి చూపునకు చోటు లేదు. ప్రిన్సిపాలును కఠినుడని నిందింపజాలము. నేడొక తల్లి మాటకు నిబంధనను వంచినచో, రేపు పలుకుబడి గలవాడు వచ్చి ఆ వంపు తనకును కావలెననును. ఆమె బిడ్డ విషయమున ఆమె చెప్పినది నిజము. వేయిమంది బిడ్డల విషయమున ప్రిన్సిపాలు చెప్పినది నిజము. నిబంధన యొక్క కష్టమంతయు ఈ రెండు నిజముల నడుమనే యున్నది.

1905 ఆగస్టులో రామానుజన్ ఇంటిలో చెప్పకుండ రైలెక్కి పోయెను. అతడు చేరిన ఊరు మన విశాఖపట్టణమే. కుమారుడు కనబడుట లేదని తలిదండ్రులు సెప్టెంబరులో ‘ది హిందూ’ పత్రికలో ప్రకటించుకొనిరి. పరీక్షాఫలితమునకు మనసు విరిగి ఇల్లు విడిచిన విద్యార్థుల కథలలో మన తెలుగు సముద్రతీరమునకును ఈ విధముగా పాలు కలిగెను. అతడు తిరిగి వచ్చి 1906లో మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరి మరల ఎఫ్.ఏ. పరీక్షకు పోయెను, తప్పెను. మరుసటి యేట మరల పోయి మరల తప్పెను. 1913 జనవరిలో అతడు కేంబ్రిడ్జిలోని హార్డీకి వ్రాసిన జాబు, 1914లో అతని సముద్రయానము, 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వము అందరెరిగినవే. అతనికి 1916లో పట్టమిచ్చినది కేంబ్రిడ్జి. అదియు వ్రాతపరీక్ష మీద గాక, పరిశోధన మీద.

ఆ హార్డీ సంగతియు ఒక మాట చెప్పవలెను. 1898 నాటి గణితపరీక్షలో అతడు నాలుగవ రాంగ్లరు. పరీక్షలో నెగ్గినవాడై యుండియు, ఆ పరీక్ష గణితవిద్యకు చెరుపు చేయుచున్నదని నమ్మి దానికి ఎదురు తిరిగిన వారిలో అతడు ముఖ్యుడు. ఒకటవవాడు, రెండవవాడు అని వరుసగా స్థానములు ప్రకటించు ఆచారము కేంబ్రిడ్జి గణితపరీక్షలో 1909తో ముగిసెను. అంతటితో అతనికి తృప్తి కలుగలేదు. 1926లో గణితోపాధ్యాయుల సంఘమునకు అధ్యక్షుడుగా ప్రసంగించుచు ఆ పరీక్షనే ఎత్తివేయవలెనని వాదించెను. అంకె వెనుక నున్న మనిషిని చూడగలిగిన దృష్టి అతనికుండుటచేతనే, ఎఫ్.ఏ. తప్పిన గుమాస్తా వ్రాసిన జాబును అతడు చెత్తబుట్టలో వేయలేదని నేననుకొందును.

ఇంతవరకు మనము నిబంధనను గూర్చి మాటలాడితిమి. ఇక అంకెను గూర్చి మాటలాడవలెను. వేసిన అంకె ఎంతవరకు నమ్మదగినది? ఈ ప్రశ్నను లెక్కలతో అడిగిన తొలి వారిలో ఎడ్జివర్తు అను ఆర్థికశాస్త్రజ్ఞుడు ముఖ్యుడు. లండనులోని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో 1888లోను 1890లోను ప్రకటించిన వ్యాసములలో అతడు పరీక్షలలో అదృష్టము పాలెంతయని విచారించెను. అతడు చూపిన ఉదాహరణములలో నొకటి: ఒకే లాటిను రచనను 28 మంది సమర్థులైన పరీక్షకులకు చూపగా, నూటికి 45 వేసినవాడొకడు, నూటికి నూరు వేసినవాడొకడు. తక్కినవారు నడుమ నుండిరి.

1912లో అమెరికాలో స్టార్చి, ఎలియట్ అను ఇరువురు విద్వాంసులు ఈ విచారణను మరింత విస్తరించిరి. రెండు ఇంగ్లీషు జవాబు పత్రములను ఉన్నది ఉన్నట్లు అచ్చు వేయించి ఉన్నత పాఠశాలలకు పంపిరి. 142 మంది ఉపాధ్యాయులు దిద్దిరి. ఒక పత్రమునకు 64 మొదలు 98 వరకు మార్కులు పడెను. మరియొక దానికి 50 మొదలు 98 వరకు పడెను. భాషలో అభిరుచిభేద ముండుట సహజమనియు, లెక్కలలో ఇట్లు జరుగదనియు కొందరనిరి. మరుసటి యేట వారు రేఖాగణిత పత్రమును పంపిరి. ఈసారి 28 మొదలు 92 వరకు పడెను! ఒకరు విధానమునకు మార్కులిచ్చిరి, మరియొకరు తుది జవాబునకు మాత్రమే ఇచ్చిరి. ఒకరు అక్షరముల పొందికను చూచిరి, మరియొకరు చూడలేదు. ఎవరును అన్యాయము చేయదలచినవారు కారు.

ఒకరితో నొకరికి పొత్తు కుదరకపోవుట సరే. తనతో తనకైనను పొత్తు కుదురునా? ఈ ప్రశ్న వేసిన ఫిలిప్ హార్టాగ్ మన దేశమునకు కొత్తవాడు కాడు. 1917లో ఏర్పడిన కలకత్తా విశ్వవిద్యాలయ విచారణసంఘమున సభ్యుడు; ఢాకా విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షుడు; 1929లో మన విద్యాస్థితిపై నివేదిక సమర్పించిన సంఘమునకు అధ్యక్షుడు. స్వదేశమున అతడు రోడ్స్ అను గణాంకశాస్త్రజ్ఞునితో కలిసి పరీక్షలనే పరీక్షించెను. ఆ ఫలితములు 1935లో వెలువడెను. అంతకుముందు ఒకే మార్కు పొందిన 15 చరిత్ర పత్రములను 15 మంది పరీక్షకుల కిచ్చిరి. ఏడాది దాటిన పిమ్మట వారిలో 14 మందికి ఆ పత్రములనే మరల ఇచ్చిరి. తప్పినాడు, నెగ్గినాడు, బాగుగ నెగ్గినాడు అను మూడు తీర్పులలో నొకటి చెప్పవలెను. మొత్తము 210 తీర్పులలో 92 తీర్పులు మారిపోయెను. అదే మనిషి, అదే పత్రము. దినము మాత్రమే వేరు.

ఈ లెక్కలు విని విద్యార్థులు మార్కులన్నియు లాటరీయని తలపరాదు. అదే పరిశోధకులు దారియు చూపిరి. ఒకరికంటె ఇద్దరు చూచినచో తప్పు తగ్గును. దేనికెన్ని మార్కులో ముందుగనే వ్రాసి పెట్టుకొన్నచో తగ్గును. పెద్ద పరీక్షకుడు కొన్ని పత్రములను మరల చూచినచో ఇంకను తగ్గును. ఇవి యన్నియు క్రమముగా మన విశ్వవిద్యాలయములలోను వచ్చినవి. వీనియన్నిటి సారమొక్కటియే: మార్కు మనిషి చెప్పిన తీర్పు. తీర్పును గౌరవింపవలెను, కాని దానిని మరల చూడుమనుట తీర్పరిని అవమానించుట కాదు. జిల్లా కోర్టుపై హైకోర్టున్నంత మాత్రమున జిల్లా జడ్జికి చిన్నతనమున్నదా?

అయినను ఈ మాటను చట్టము ఒప్పుకొనుటకు చాల కాలము పట్టినది. కూడికలో తప్పు జరిగినదేమో చూచుటకు, అనగా రీకౌంటింగునకు, మొదట అవకాశము దొరికెను. జవాబును మరల దిద్దించుటకు, పత్రమును కంటితో చూచుటకు మాత్రము తలుపులు మూసియే యుండెను. మహారాష్ట్రలో కొందరు విద్యార్థులు ఈ విషయమై న్యాయస్థానమున పోరాడగా, 1984లో సుప్రీము కోర్టు బోర్డు నిబంధననే సమర్థించెను. లక్షలమంది పత్రములను అడిగినవారికెల్ల చూపుచుండినచో ఫలితములకు తుది యనునది ఉండదనియు, విద్యావిషయములలో నిపుణుల నిర్ణయమును న్యాయస్థానములు తేలికగా కదల్పరాదనియు ఆ తీర్పు సారాంశము. కుంభకోణమున ప్రిన్సిపాలు చెప్పిన మాటకు ఇది దూరమైనది కాదు.

2005లో సమాచార హక్కు చట్టము వచ్చెను. ఆ చట్టము క్రింద విద్యార్థులు మరల తలుపు తట్టిరి. 2011 ఆగస్టు 9వ తేదీన సుప్రీము కోర్టు తీర్పు చెప్పెను: దిద్దిన జవాబు పత్రము సమాచారమే, దానిని వ్రాసిన విద్యార్థి చూడవచ్చును, నకలు పొందవచ్చును. దిద్దినవాని పేరు మాత్రము చెప్పనక్కరలేదు. మరల దిద్దించుకొను హక్కును ఆ తీర్పు క్రొత్తగా ఈయలేదు. గమనింపుడు, చట్టము ఇచ్చినది పెంచుమను హక్కు కాదు, చూచు హక్కు.

చూచుట ఎంత అవసరమో 2019 ఏప్రిలులో తెలంగాణ రాష్ట్రమున తెలిసివచ్చెను. ఇంటర్మీడియటు ఫలితములలో ఒక బాలికకు తెలుగు పేపరున సున్న పడెను. మరల చూడగా ఆమెకు రావలసినవి 99. అంతకుముందు ఏడు మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్ల, మాతృభాషలో సున్న ఎట్లు తెచ్చుకొనునని అడిగినవారుండుట వలన ఆ తప్పు బయటపడినది. తప్పిన విద్యార్థులందరి పత్రములను రుసుము లేకుండ మరల పరిశీలింపవలెనని ప్రభుత్వము ఆదేశించెను. ఆ పరిశీలనలో 1,137 మంది నెగ్గినట్లు తేలెను. తక్కిన లక్షలమంది విషయమున ఫలితము మారలేదు. కాని ఆ దినములలోనే ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరని పత్రికలు వ్రాసినవి. ఏ పత్రమును మరల చూచినను వారు తిరిగి రారు.

ఈ మాట చెప్పునప్పుడు నేను రేడియో దగ్గర కూర్చున్న తలిదండ్రులను ఉద్దేశించి చెప్పుచున్నాను. పత్రమును మరల చూచుటకు విశ్వవిద్యాలయమునకు కొన్ని వారములు పట్టవచ్చును. పిల్లవానిని మరల చూచుటకు మీకు ఒక్క క్షణము చాలును. మార్కుల చీటి ఇంటికి వచ్చిన సాయంకాలము మొదట చూడవలసినది చీటిని కాదు, దానిని తెచ్చిన ముఖమును. కోమలతమ్మాళ్ కళాశాలలో ఓడిపోయి యుండవచ్చును. కాని కుమారుని పక్షమున మాటలాడుటకు ఆమె పోయినది.

ఇటీవలి కాలమున చక్రము ఒక చుట్టు తిరిగినది. స్వయంప్రతిపత్తి గల కళాశాలలు పెరిగినవి. సెమిస్టరు పద్ధతియు, అంతర్గత మార్కులును వచ్చినవి. పాఠము చెప్పినవారే కొంత భాగము పేపర్లు దిద్దుచున్నారు. 2015 మొదలు విశ్వవిద్యాలయ నిధుల సంఘము సూచించిన పద్ధతిలో ‘ఓ’ మొదలు ‘ఎఫ్’ వరకు అక్షరములు, పదింటికి ఇన్ని పాయింట్లు అను లెక్క వచ్చినది. రెండక్షరముల సరిహద్దు మీద నిలిచినవానికి ఒక్క మార్కు ఎంతో విలువైనది. కనుక 1857లో మాయమైన తలుపు మరల ప్రత్యక్షమైనది. దాని ప్రక్కన విద్యార్థి మరల నిలిచినాడు. తలుపుతో పాటు పాత ప్రమాదమును వచ్చినది. ఎవరి బంధువు, ఎవరి ఊరివాడు, ఎవరి సిఫారసు అను గుసగుసలు వచ్చినవి. అంకె ఏ వ్యాధికి మందుగా పుట్టినదో ఆ వ్యాధి తిరుగబెట్టకుండ చూచుకొనుట గురువుకును శిష్యునికిని కర్తవ్యము.

అందుకు చరిత్ర నేర్పు మర్యాద చాల సులభమైనది. విద్యార్థి తన పత్రమును ముందు తాను చదువుకొని పోవలెను. ఫలానా ప్రశ్నకు నేనిట్లు వ్రాసితిని, ఇందులో లోపమేమో చెప్పుడని అడుగవలెను. ఇంటి కష్టములు, ఉద్యోగావసరములు, తోటివానికి వచ్చిన మార్కులు ఆ సంభాషణలోనికి తేరాదు. గురువు కోపింపక వినవలెను. తన అంకెకు కారణము చెప్పగలిగియుండవలెను. తప్పు తనదైనచో దిద్దుటకు సిగ్గుపడరాదు. ఒకనికి దయచూపి రెండు మార్కులు కలిపినచో, అడుగుటకు నోరు రాక ఇంటికి పోయిన పదిమందికి అన్యాయము చేసినట్లే. ఆ పదిమంది ఆ గదిలో కనబడరు. వారిని తలచుకొనుటయే గురువు యొక్క న్యాయబుద్ధి.

మా ప్రొఫెసరుగారి గది సంగతి మధ్యలో విడిచితిని. చాలసేపటికి నేను, “చూడండి మాష్టారూ” అంటిని. ఆయన బీరువా నుండి నా పత్రము తీసి, తాను చదువక నా చేతికిచ్చి, “నువ్వే చదువు, పైకి చదువు” అనిరి. చదువ మొదలిడితిని. మొదటి పుట బాగుగనే సాగెను. రెండవ పుటకు వచ్చునప్పటికి నా గొంతు తగ్గెను. అడిగినది కారణములు, నేను వ్రాసినది కథ. మూడవ పుటలో ఆగిపోయితిని. ఆయన ఏమియు అనలేదు. పత్రము తీసికొని ముఖపత్రము మీది అంకెలను వ్రేలితో కూడుచు పోయి, ఒకచోట ఆగి, “ఇక్కడ రెండు కలపడం మరిచాను. పొరపాటు నాదే” అని కలము తీసి దిద్దిరి.

ఆ రెండు మార్కులతో నాకు మొదటి తరగతి రాలేదు. వచ్చినవి ఎందుకు వచ్చినవో, రానివి ఎందుకు రాలేదో తెలిసినది. గది నుండి వెలుపలికి వచ్చునప్పటికి తలుపు ప్రక్కన మరియొకడు నిలిచియుండెను. లోపలి నుండి ఆయన పిలుపు వినబడెను: “ఏమోయ్, అక్కడే నిలబడ్డావేం? లోపలికి రా.”